విడిపోయిన తల్లిదండ్రులు.. పిల్లలతో గడిపేది ఏడాదికి రెండు రోజులేనా? ‘షేర్డ్ పేరెంటింగ్’పై కోర్టులు ఏమంటున్నాయి?

భార్యాభర్తలు విడిపోయేటప్పుడు బంగారం, కట్నం డబ్బులు, సామాను.. అన్నిటికీ పెద్దమనుషుల ముందు లిస్టు రాస్తారు. బీరువా ఎవరికి, బండి ఎవరికి అన్నది కూడా కాగితం మీదకు ఎక్కుతుంది. కానీ దసరా సెలవుల్లో పిల్లాడు ఎవరి దగ్గర ఉండాలి? స్కూల్ ఫీజు ఎవరు కట్టాలి? రాత్రి నాన్న ఫోన్ చేస్తే ఎవరు ఎత్తాలి? ఇవి మాత్రం ‘తర్వాత చూసుకుందాం లే’ దగ్గరే ఆగిపోతాయి. ఆ ‘తర్వాత’ కాస్తా కోర్టు వాయిదాలుగా మారుతుంది.

వేటపాలెం, చీరాల, బాపట్ల, తెనాలి, రేపల్లె వైపు చూస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. పెళ్లి ఇక్కడ, ఉద్యోగం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. కొందరిది అమెరికాలో. గొడవ వచ్చాక అమ్మ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేస్తుంది. లేదా నాన్న పిల్లల్ని నాయనమ్మ దగ్గర వదిలి వెళ్తాడు. అక్కడి నుంచి పిల్లలకూ, రెండో పేరెంట్‌కూ మధ్య వందల కిలోమీటర్ల దూరం.

విడిపోయినా పిల్లల పెంపకంలో ఇద్దరికీ వాటా ఉండాలన్నదే షేర్డ్ పేరెంటింగ్. వినడానికి బాగుంది. మరి మన దగ్గర చట్టం ఏం చెబుతోంది? కోర్టు ఉత్తర్వులో ఏం ఉంటే అది నిజంగా అమలవుతుంది? వివరంగా చూద్దాం.

ముందు ఒక చిన్న లెక్క

పిల్లలు ఒకరి దగ్గర ఉంటే, రెండో వాళ్లు చూసి వెళ్లేందుకు కోర్టు ఇచ్చే హక్కును విజిటేషన్ అంటారు. ఇలాంటి ఉత్తర్వుల్లో తరచూ కనిపించే తరహా ఒకటి ఉంది. ‘నెలకు రెండు సార్లు, రెండేసి గంటలు, కోర్టు ఆవరణలో’.

లెక్క వేయండి. నెలకు నాలుగు గంటలు. ఏడాదికి 48 గంటలు. అంటే 365 రోజుల్లో సరిగ్గా రెండు రోజులు. అది కూడా ఒక్క వాయిదా కూడా తప్పకుండా, పిల్లాడికి జ్వరం రాకుండా, బస్సు లేట్ కాకుండా ఉంటే.

ఇప్పుడు ఇంకో రకంగా చూద్దాం. బడి నడిచే పది నెలల్లో నెలకు రెండు వీకెండ్‌లు, శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం వరకు.. మొత్తం 20 రోజులు. ఏపీలో వేసవి సెలవులు మామూలుగా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు, సుమారు 48 రోజులు. అందులో సగం 24. దసరా, సంక్రాంతి సెలవులు కలిపి 20 రోజులు అనుకుంటే సగం 10. మొత్తం 54 రోజులు.

రెండు రోజులు ఎక్కడ, 54 రోజులు ఎక్కడ? రెండు ఏర్పాట్లలోనూ పిల్లాడు ఉండేది ఒకరి ఇంట్లోనే. బడి మారలేదు, ఊరు మారలేదు. మారింది ఉత్తర్వులో రాసిన నాలుగు లైన్లు మాత్రమే. అందుకే ‘కస్టడీ ఎవరికి’ అన్న ప్రశ్న దగ్గరే కొట్లాట ఆగిపోతే, అసలు విషయం పక్కకు పోయినట్టే.

చట్టంలో ఏముంది?

పిల్లల సంరక్షణ విషయంలో మన కోర్టులకు ఇప్పటికీ ఆధారం బ్రిటిష్ కాలం నాటి చట్టం.. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్. ఇది అన్ని మతాల వాళ్లకూ వర్తిస్తుంది. హిందువులకు దీంతో పాటు 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్ ఉంది. విడాకుల కేసు నడుస్తున్నప్పుడు పిల్లల గురించి ఉత్తర్వులు ఇచ్చే అధికారం 1955 నాటి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ ఇస్తుంది.

1956 చట్టం 6వ సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ‘ఆయన తర్వాత’ తల్లి. కానీ ఐదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అదే సెక్షన్ చెబుతుంది.

ఈ ‘తర్వాత’ అనే మాట మీద పెద్ద కేసే నడిచింది. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరు మీద బాండ్ల కోసం రిజర్వ్ బ్యాంక్‌కు దరఖాస్తు చేస్తే, తండ్రి సంతకం కావాలన్నారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదు, తండ్రి పిల్లల బాగోగులు చూడని పరిస్థితిలో కూడా తల్లే సహజ సంరక్షకురాలు అని 1999 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది.

వీటన్నిటి కంటే బలమైనది 13వ సెక్షన్. పిల్లల సంక్షేమమే అన్నిటి కంటే ముఖ్యం అంటుంది ఇది. అంటే ‘నేను తండ్రిని కాబట్టి నాకే ఇవ్వాలి’, ‘నేను కన్నాను కాబట్టి నా దగ్గరే ఉండాలి’ అనే వాదన ఒక్కటే కోర్టులో నిలబడదు. ఈ ఏర్పాటు పిల్లాడికి మంచిదా కాదా అన్నదే కోర్టు చూస్తుంది.

మరి ‘షేర్డ్ పేరెంటింగ్’ అనే మాట ఎక్కడుంది?

ఈ చట్టాల్లో ఆ మాట ఎక్కడా కనిపించదు. ఉండాలన్న సిఫార్సులు మాత్రం చాలా కాలంగా ఉన్నాయి.

జస్టిస్ ఏపీ షా నేతృత్వంలోని లా కమిషన్ 2015 మేలో 257వ నివేదిక ఇచ్చింది. జాయింట్ కస్టడీని చట్టంలో చేర్చాలని, తల్లిదండ్రులు ముందే ఒక పేరెంటింగ్ ప్లాన్ రాసుకునే పద్ధతి తేవాలని, మధ్యవర్తిత్వాన్ని వాడుకోవాలని చెప్పింది. తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మలతో పిల్లలు గడిపే సమయం గురించి, పేరెంట్ వేరే ఊరికి మారాల్సి వస్తే ఏం చేయాలన్న దాని గురించి కూడా అందులో ఉంది. 2022 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా గార్డియన్‌షిప్ చట్టాలను సమీక్షిస్తూ తల్లిదండ్రులిద్దరినీ సమానంగా చూడాలని, జాయింట్ కస్టడీకి చోటివ్వాలని సిఫార్సు చేసింది.

చట్టంలో లేదు కదా అని కోర్టులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పిల్లల సంక్షేమం అనే సూత్రం కిందే ఇలాంటి ఏర్పాట్లు చేస్తున్నాయి.

దీనికి పక్క రాష్ట్రంలో మంచి ఉదాహరణ ఉంది. 2013 సెప్టెంబర్‌లో కర్ణాటక హైకోర్టు ఒక కేసులో పిల్లాడి ఏడాదిని రెండుగా పంచింది. జనవరి 1 నుంచి జూన్ 30 వరకు తండ్రి దగ్గర, జూలై 1 నుంచి డిసెంబర్ 31 వరకు తల్లి దగ్గర. చదువు, ఇతర ఖర్చులు ఇద్దరూ సగం సగం. ఒకరి దగ్గర ఉన్నప్పుడు రెండో వాళ్లు శని, ఆదివారాల్లో కలవొచ్చు. ఫోన్, వీడియో కాల్స్‌కు అడ్డు చెప్పకూడదు. ఆ ఉత్తర్వును లా కమిషన్ కూడా తన నివేదికలో ప్రస్తావించింది.

వేటపాలెంలో ఆరు నెలలు.. హైదరాబాద్‌లో ఆరు నెలలు.. కుదురుతుందా?

తల్లిదండ్రులిద్దరూ ఒకే నగరంలో ఉంటే, ఏ ఇంట్లో ఉన్నా బడి ఒక్కటే అయితే, సగం సగం పని చేయొచ్చు. మన ప్రాంతంలో చాలా ఇళ్లకు ఇది కుదరదు.

ఉదాహరణకు అమ్మ వేటపాలెంలో పుట్టింట్లో ఉంది, నాన్న హైదరాబాద్‌లో ప్రైవేట్ ఉద్యోగం చేస్తున్నాడు అనుకుందాం. పాప మూడో తరగతి. ఆరు నెలలకోసారి ఊరు మారితే బడి మారాలి, సిలబస్ మారాలి, ఫ్రెండ్స్ మారాలి. హాజరు రికార్డులు, ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్లు.. అదంతా ఇంకో తలనొప్పి. దీన్ని ఏ జడ్జీ పిల్లల సంక్షేమం అనరు.

అలాగని షేర్డ్ పేరెంటింగ్ మనకు పనికిరాదా? కాదు. ఇక్కడే చాలామంది ఒక విషయం కలిపేస్తారు. పెంపకంలో వాటా అంటే రోజులు సమానంగా కోసుకోవడం కాదు. అందులో రెండు భాగాలు ఉన్నాయి.

మొదటిది, పిల్లలు ఎవరి ఇంట్లో ఉంటారు. రెండోది, పిల్లల గురించి పెద్ద నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు. ఏ బడి, ఏ మీడియం, ఆపరేషన్ లాంటిది వస్తే ఏ ఆసుపత్రి, పాస్‌పోర్ట్ తీయించాలా వద్దా.. ఇలాంటివన్నమాట. మొదటిది దూరాన్ని బట్టి ఒకరి దగ్గరే ఉండాల్సి రావచ్చు. రెండోది ఇద్దరూ కలిసి చేయడానికి హైదరాబాద్ దూరమేమీ కాదు. ఫోన్ ఉంటే చాలు. ప్రోగ్రెస్ కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపడానికి ఎంతసేపు పడుతుంది?

దూరం తక్కువైతే లెక్క ఇంకా సులువు. అమ్మ వేటపాలెంలో, నాన్న రేపల్లెలో ఉన్నారనుకోండి. చీరాల నుంచి తెనాలి వరకు మెయిన్ లైన్, తెనాలి నుంచి రేపల్లెకు బ్రాంచ్ లైన్. శనివారం సాయంత్రం తీసుకెళ్లి ఆదివారం సాయంత్రానికి దించేయొచ్చు. కానీ ‘ఎవరు తీసుకెళ్లాలి, ఎవరు దించాలి, ఎక్కడ అప్పగించాలి’ అన్నది రాసి లేకపోతే మొదటి వారమే గొడవ.

సుప్రీంకోర్టు చెప్పిన ‘రోజూ 5-10 నిమిషాలు’

2020 జనవరి 20న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఇలాంటి కుటుంబాలకు చాలా ముఖ్యం. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కు పిల్లలకు ఉందని కోర్టు అందులో స్పష్టం చేసింది. కస్టడీ ఒకరికే ఇచ్చినా, రెండో వాళ్లతో బంధం తెగిపోకుండా సరిపడా విజిటేషన్ ఉండాలంది.

ఇంకో అడుగు ముందుకేసి ‘కాంటాక్ట్ రైట్స్’ గురించి కూడా మాట్లాడింది. వేరే రాష్ట్రంలోనో, దేశంలోనో ఉండే పేరెంట్‌కు వీడియో కాల్ మంచి మార్గమని చెప్పింది. ప్రత్యేక కారణాలు ఏవీ లేకపోతే, కస్టడీ దక్కని పేరెంట్‌కు రోజూ 5 నుంచి 10 నిమిషాలు పిల్లలతో మాట్లాడే హక్కు ఉండాలంది. మూడు నెలలకే లాక్‌డౌన్‌లో ఇదే పద్ధతి అందరికీ అక్కరకొచ్చింది. నేరుగా కలవడం కుదరని చోట ఫోన్, వీడియో ద్వారా మాట్లాడే ఏర్పాటు చూసుకోవాలని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే సూచించింది.

చాలామంది ఈ పాయింట్ అడగనే అడగరు. ఆదివారాల కోసం కొట్లాడతారు కానీ రోజూ ఫోన్ మాటే ఎత్తరు. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నాన్నకో అమ్మకో నెలకోసారి కలవడం కంటే రోజూ రాత్రి హోంవర్క్ గురించి అడగడమే పిల్లలకు దగ్గర చేస్తుంది.

‘తాత్కాలికం’ అంటారు.. అదే ఖాయమైపోతుంది

కస్టడీ కేసుల్లో అసలు ప్రమాదం ఎక్కడుందో తెలుసా? ఇంటరిమ్ ఆర్డర్‌లో. అంటే కేసు తేలే వరకు ఇచ్చే మధ్యంతర ఉత్తర్వులో.

కేసు వేసిన కొత్తలో ఇద్దరూ కోపంగా ఉంటారు. ‘ముందు ఏదో ఒకటి ఇవ్వనీ, ఫైనల్‌లో చూసుకుందాం’ అనుకుంటారు. రెండు గంటల విజిటేషన్‌తో ఉత్తర్వు వస్తుంది. తర్వాత వాయిదాలు మొదలవుతాయి. కౌంటర్ వేయడానికి కొన్నాళ్లు, కౌన్సెలింగ్‌కు కొన్నాళ్లు, సాక్ష్యాలకు ఇంకొన్నాళ్లు. ఈలోగా నాలుగేళ్ల పిల్లాడికి ఏడేళ్లు వస్తాయి. ఒక ఇంటికి, ఒక బడికి అలవాటు పడిపోతాడు. నెలకు రెండుసార్లు కోర్టు దగ్గర కనిపించే మనిషి దగ్గరకు వెళ్లమంటే అమ్మమ్మ కొంగు పట్టుకుంటాడు. తుది విచారణలో కోర్టు ఏం చూస్తుంది? పిల్లాడు ఎక్కడ స్థిరపడ్డాడో చూస్తుంది. చూడటం తప్పు కాదు, పిల్లల సంక్షేమం అంటే అది కూడా. కానీ ఆ స్థిరత్వాన్ని తయారు చేసింది మొదట్లో తొందరగా రాసిన ఉత్తర్వే కదా.

2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. పాపకు రెండేళ్లు కూడా నిండకముందు నుంచి తండ్రి దగ్గరే పెరిగింది. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి ఎనిమిదేళ్లు దాటాయి. తండ్రి దగ్గర బాగానే ఉంది కాబట్టి అక్కడే ఉంచాలన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. తల్లి దగ్గర ఉండే అవకాశమే రానప్పుడు పాప ఇష్టాన్ని సరిగ్గా అంచనా వేయలేమన్నట్టుగా చూసి, తల్లికే కస్టడీని సమర్థించింది. న్యాయం జరిగింది సరే. మధ్యలో పోయిన ఆరేళ్లు మాత్రం తల్లికీ తిరిగి రావు, పాపకూ రావు.

ఒక ఊరట కూడా ఉంది. కస్టడీ ఉత్తర్వు ఎప్పటికీ రాతి మీద గీత కాదని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. పిల్లల అవసరాలు మారితే ఉత్తర్వునూ మార్చమని అడగొచ్చు. ఉద్యోగం మారినా, పిల్లాడు హైస్కూల్‌కు వచ్చినా, ఊరు మారినా మళ్లీ కోర్టుకు వెళ్లొచ్చు. అయితే మార్చించుకోవడానికి మళ్లీ పిటిషన్, మళ్లీ వాయిదాలు. అందుకే మొదటి ఉత్తర్వు మీదే శ్రద్ధ పెట్టాలి.

ఉత్తర్వులో ఏమేం రాయించుకోవాలి?

ఇద్దరూ ఒప్పుకుంటే ఈ వివరాలతో జాయింట్ మెమో వేయొచ్చు. ఒప్పుకోకపోతే పిటిషన్‌లోనే వివరంగా అడగాలి. లాయర్‌తో మాట్లాడేటప్పుడు ఈ లిస్టు దగ్గర పెట్టుకోండి.

• రోజులు, గంటలు: ‘నెలకు రెండుసార్లు’ అని కాకుండా ‘రెండో, నాలుగో శనివారం సాయంత్రం 5 నుంచి ఆదివారం సాయంత్రం 5 వరకు’ అని ఉండాలి.

• అప్పగించే చోటు: పోలీస్ స్టేషన్, కోర్టు గేటు కంటే పిల్లలకు తెలిసిన చోటు నయం. తాతయ్య ఇల్లు, బడి, చీరాల రైల్వే స్టేషన్.. ఏదైనా సరే, పేరుతో సహా రాయాలి.

• కలిసే చోటు: ఇంటికి పంపడం కుదరకపోతే నలుగురు తిరిగే చోటు చూసుకోవచ్చు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయం ఉంది, దగ్గర్లో రామాపురం బీచ్ ఉంది. నల్లకోట్ల మధ్య బెంచీ మీద కూర్చోవడం కంటే పిల్లలకు ఇవే నయం కదా.

• తీసుకెళ్లేది ఎవరు, దించేది ఎవరు: ప్రయాణ ఖర్చు ఎవరిది అన్నది కూడా. చిన్నపిల్లలైతే వెంట వచ్చే పెద్దవాళ్లు ఎవరో చెప్పాలి.

• పండగలు, సెలవులు: ఈ ఏడాది సంక్రాంతి అమ్మ దగ్గరైతే వచ్చే ఏడాది నాన్న దగ్గర. వేసవి సెలవుల్లో మొదటి సగం ఎవరికి, రెండో సగం ఎవరికి. పుట్టినరోజు సంగతి కూడా.

• ఫోన్: ఏ టైమ్‌కు, ఏ నంబర్‌కు, ఎంతసేపు. పక్కన కూర్చుని వినకూడదన్న మాట కూడా రాయించుకోవచ్చు.

• బడి, ఆసుపత్రి: ప్రోగ్రెస్ కార్డు, పేరెంట్స్ మీటింగ్ సమాచారం ఇద్దరికీ అందాలి. ఎమర్జెన్సీలో రెండో పేరెంట్‌కు వెంటనే చెప్పాలి.

• రద్దయితే ఏంటి: పిల్లాడికి జ్వరం వచ్చి ఒక వారం కుదరకపోతే దానికి బదులు ఏ వారం ఇవ్వాలి. చాలా ఉత్తర్వులు కొట్టుకుపోయేది ఈ ఒక్క లైన్ లేకే.

• అమ్మమ్మ, నాయనమ్మలు: విడిపోయింది ఇద్దరే. పిల్లలకు మాత్రం అటు ఇటు రెండు ఇళ్ల మనుషులూ కావాలి.

డబ్బు కట్టకపోతే పిల్లల్ని చూపించరా?

ఎక్కువ గొడవ ఇక్కడే. ‘మెయింటెనెన్స్ కట్టలేదు కాబట్టి పిల్లాడిని పంపను’ అని ఒకరు. ‘పిల్లాడిని చూపించలేదు కాబట్టి డబ్బు కట్టను’ అని ఇంకొకరు.

ఈ రెండూ వేర్వేరు. పోషణ ఖర్చు పిల్లల హక్కు. దానికోసం ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లొచ్చు. 2024 జూలై 1కి ముందు ఇదే సీఆర్పీసీ 125వ సెక్షన్. ఇద్దరూ ఆస్తులు, ఆదాయ వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలని 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. తండ్రిని, తల్లిని కలవడం కూడా పిల్లల హక్కే. ఒకటి ఆగిందని రెండోది ఆపితే రెండు విధాలా నష్టపోయేది పిల్లలే.

ఉత్తర్వు ఉన్నా పిల్లల్ని పంపకపోతే? అదే కోర్టులో అమలు కోసం పిటిషన్ వేయొచ్చు. కావాలనే పాటించకపోతే కోర్టు ధిక్కారం దాకా వెళ్తుంది. ప్రతిసారీ తేదీ, టైమ్, వాట్సాప్ మెసేజ్‌లు, టికెట్లు భద్రంగా పెట్టుకోండి. ఆవేశంగా వెళ్లి బడి దగ్గర నుంచి పిల్లాడిని ఎత్తుకొచ్చేయడం లాంటివి చేస్తే అదే రేపు మీకు వ్యతిరేకంగా నిలుస్తుంది.

ఇంకో చిన్న విషయం. ఏపీలో 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం డబ్బులు తల్లి లేదా సంరక్షకుల ఖాతాలో పడుతున్నాయి. ఒక్కో విద్యార్థికి 13 వేలు ఖాతాలోకి, 2 వేలు బడి నిర్వహణకు. పిల్లాడు తండ్రి దగ్గర చదువుతుంటే ఈ డబ్బు ఎవరు, దేనికి ఖర్చు పెట్టాలన్నది కూడా గొడవ కావచ్చు. ఖర్చుల దగ్గర ఒక్క లైన్ రాసుకుంటే పోతుంది.

అందరికీ షేర్డ్ పేరెంటింగ్ సరైనదేనా?

కాదు. ఇంట్లో కొట్టడం, తాగి వచ్చి పిల్లల ముందే గొడవ చేయడం, పిల్లలకే హాని ఉండటం లాంటివి ఉంటే ‘ఇద్దరికీ సమాన వాటా’ అన్న మాట ప్రమాదం. 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ పిల్లల తాత్కాలిక కస్టడీని బాధితురాలికి ఇవ్వొచ్చు. కలవడం వల్ల పిల్లలకు హాని ఉందనిపిస్తే ఆ విజిటేషన్‌ను నిరాకరించాలని అదే సెక్షన్ చెబుతుంది. పూర్తిగా ఆపాల్సినంత లేకపోతే వేరే పెద్దవాళ్ల సమక్షంలో కలిసే ఏర్పాటు అడగొచ్చు.

ఈ విషయంలో బయటి దేశాల అనుభవం చూడాలి. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం 2018లో ఇద్దరికీ సమాన సమయం అన్నదాన్నే ప్రారంభ సూత్రంగా పెట్టుకుంది. ఆస్ట్రేలియా 2006లో ఇద్దరికీ సమాన తల్లిదండ్రుల బాధ్యత ఉంటుందని ముందుగానే భావించే నియమం తెచ్చింది. కానీ దాన్ని జనం ‘సగం రోజులు నా హక్కు’ అని అర్థం చేసుకున్నారన్న విమర్శలు వచ్చాయి. హింస ఉన్న ఇళ్లలో ఒత్తిడి పెరిగిందన్న ఆందోళన కూడా ఉంది. చివరకు ఆ నియమాన్ని తీసేశారు. 2024 మే 6 నుంచి అక్కడ ప్రతి కేసులోనూ పిల్లల ప్రయోజనాన్నే విడిగా చూస్తున్నారు. మన దగ్గర చట్టం మార్చే రోజు వస్తే ఈ రెండు అనుభవాలూ ముందు పెట్టుకోవాలి. సమాన బాధ్యత అని రాయడం మంచిదే. సమాన రోజులు అని రాస్తే మాత్రం మన ఊళ్లలో పిల్లలు బస్టాండుల్లోనే పెరుగుతారు.

అమెరికా నుంచి పిల్లలతో వచ్చేస్తే?

మన దగ్గర చాలా కుటుంబాల్లో వినిపించే ప్రశ్న ఇది. 2019 మార్చి 15న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన ఒక కేసు తెలుగు దంపతులదే. పిల్లలిద్దరూ అమెరికాలో పుట్టారు. విడాకుల కేసు పెన్సిల్వేనియా కోర్టులో తల్లే వేశారు. 2017లో పిల్లలతో హైదరాబాద్ వచ్చి, ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో కస్టడీ అడిగారు. తండ్రి హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. చివరకు పిల్లల్ని తిరిగి అమెరికా తీసుకెళ్లాలని, కస్టడీ సంగతి అక్కడి కోర్టే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది.

పిల్లల్ని సరిహద్దు దాటించిన కేసుల్లో వెనక్కి పంపే 1980 నాటి హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు. అలాగని ఇక్కడికి వచ్చేస్తే సేఫ్ అనుకోవడం పొరపాటు. అక్కడి కోర్టు ఏం చెప్పింది, పిల్లలు ఎక్కడ పెరిగారు, వెనక్కి పంపితే హాని ఉందా.. ఇవన్నీ మన కోర్టులు చూస్తాయి. అవతల కేసు నడుస్తుంటే ముందు అక్కడి లాయర్‌తో మాట్లాడకుండా ఫ్లైట్ ఎక్కొద్దు.

కేసు ఎక్కడ వేయాలి? ఖర్చు ఎంత?

గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ 9వ సెక్షన్ ప్రకారం పిల్లలు మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారో ఆ పరిధిలోని కోర్టులో వేయాలి. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ, లేనిచోట జిల్లా కోర్టు. పుట్టింటికి వచ్చి వారమే అయితే ‘మామూలుగా నివసించే చోటు’ ఇదేనా కాదా అన్న దాని మీదే ముందు వాదన నడవొచ్చు. మీ ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో కూడా ముందే కనుక్కోండి.

డబ్బు లేదని ఆగాల్సిన పని లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్ 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆదాయ పరిమితి లోపు ఉంటే పురుషులకు కూడా ఉంటుంది. కోర్టు ఆవరణల్లోని మండల న్యాయ సేవాధికార కమిటీలోగానీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలోగానీ అడగొచ్చు. నేత పని మీద, జీడిపప్పు పని మీద రోజు కూలీతో బతికే ఇళ్లకు వాయిదా అంటే ఆ రోజు కూలి పోయినట్టే. అలాంటి వాళ్లకు మధ్యవర్తిత్వం, లోక్ అదాలత్ మంచి దారి. ఒకసారి కూర్చుని అన్నీ మాట్లాడుకుని రాసేసుకోవచ్చు.

పెద్దమనుషుల దగ్గర కాగితం రాసుకున్నారా? మంచిదే. కానీ అది కోర్టు ఉత్తర్వు కాదు. రేపు ఎవరైనా మాట తప్పితే ఆ కాగితంతో నేరుగా అమలు చేయించుకోలేరు. అదే ఒప్పందాన్ని కోర్టులోనో, లోక్ అదాలత్‌లోనో రికార్డ్ చేయించుకుంటే దానికి బలం వస్తుంది.

పిల్లల్ని ఎవరైనా అడుగుతారా?

అడుగుతారు. తన ఇష్టం చెప్పగలిగేంత వయసు వస్తే పిల్లల అభిప్రాయాన్ని కోర్టు పరిగణించవచ్చని 1890 చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది. జడ్జీ తన ఛాంబర్‌లో కూర్చోబెట్టుకుని మాట్లాడొచ్చు. అయితే పిల్లలు చెప్పిందే ఫైనల్ కాదు, ఎవరైనా నేర్పి పంపారేమో కూడా చూస్తారు.

కాబట్టి కోర్టుకు వెళ్లే ముందు రోజు రాత్రి ‘నీకు ఎవరంటే ఇష్టం అని అడిగితే నా పేరే చెప్పు’ అని పిల్లలకు ట్యూషన్ చెప్పొద్దు. దాని బదులు ఇద్దరూ విడివిడిగానైనా ఒక క్యాలెండర్ ముందు వేసుకుని కూర్చోండి. బడి రోజులు, సెలవులు, పండగలు, రైలు టైమింగ్‌లు గుర్తు పెట్టండి. వచ్చే వాయిదాకు లాయర్ దగ్గరకు ఆ క్యాలెండర్‌తోనే వెళ్లండి.